రికార్డు అంటే ఊరికే రాదు.. రాజ్యాంగం నుంచి ప్రతిజ్ఞ వరకు మన దేశపు వింత రికార్డులు, వాటి వెనకున్న లెక్కలు ఇవే!

ప్రపంచంలోనే అతి పెద్ద రాజ్యాంగం మనదే. రెండు దేశాలకు జాతీయ గీతం ఇచ్చిన కవి మనవాడే. 17 వేలకు పైగా పాటల రికార్డు మన తెలుగు గాయనిది. ఇలాంటివి రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌లలో రోజూ కనిపిస్తూనే ఉంటాయి. చూసి లైక్ కొట్టేసి వెళ్లిపోతాం. కానీ ఎవరు లెక్కపెట్టారు? ఎలా లెక్కపెట్టారు? ఆధారం ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలు వేస్తే కొన్ని రికార్డులు ఇంకా గట్టిగా నిలబడతాయి. కొన్ని జారిపోతాయి. కొందరు గొప్పవాళ్ల పేర్లేమో అసలు ఏ లెక్కలోనూ కనిపించవు. ఓసారి వివరంగా చూద్దాం.

ఇంతకీ రికార్డుల పుస్తకం ఎలా పుట్టింది?

దీనికి మూలం ఓ చిన్న వాదన. 1951లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో గిన్నిస్ బీరు కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ సర్ హ్యూ బీవర్ వేటకు వెళ్లారు. యూరప్‌లో వేటాడే పక్షుల్లో అన్నింటికంటే వేగంగా ఎగిరేది ఏది? అక్కడున్న వాళ్ల మధ్య ఇదే చర్చ. ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. ఇలాంటి వాదనలు ఊరూరా జరుగుతూనే ఉంటాయి కదా, వాటిని తేల్చే పుస్తకం ఒకటి ఉంటే బాగుంటుందని ఆయనకు అనిపించింది. నోరిస్, రాస్ మెక్‌విర్టర్ అనే కవల సోదరులకు ఆ పని అప్పగించారు. 1955 ఆగస్టు 27న తొలి ప్రతి బయటకొచ్చింది. అదే గిన్నిస్ బుక్.

మన దేశంలో 1990లో లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్ మొదలైంది. అంటే ఒకటి బీరు కంపెనీ పేరుతో వచ్చింది, ఇంకొకటి కూల్‌డ్రింక్ పేరుతో వచ్చిందన్నమాట. తర్వాత ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్ లాంటివి చాలానే వచ్చాయి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇవేవీ ప్రభుత్వ సంస్థలు కావు, అన్నీ ప్రైవేట్ సంస్థలే. వీటిలో ఎక్కడం గౌరవమే కానీ అది ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు మాత్రం కాదు.

1. చేత్తో రాసిన అతి పెద్ద రాజ్యాంగం

1949 నవంబర్ 26న ఆమోదం పొందినప్పుడు భారత రాజ్యాంగంలో 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. స్వతంత్ర దేశాల లిఖిత రాజ్యాంగాల్లో ఇదే అతి పెద్దది. ఈ వాక్యంలో 'స్వతంత్ర దేశాల' అన్న మాటే కీలకం. ఎందుకంటే అమెరికాలోని అలబామా రాష్ట్రానికి 1901లో చేసుకున్న రాజ్యాంగం సవరణల మీద సవరణలతో పెరిగిపోయి మన రాజ్యాంగాన్ని కూడా మించిపోయింది. కాకపోతే అలబామా దేశం కాదు, రాష్ట్రం. అందుకే రికార్డు మనకే ఉంది. ఆ ఒక్క మాట తీసేస్తే రికార్డు చేజారినట్టే.

ఇంకో విశేషం ఏంటంటే, అసలు ప్రతిని టైప్ చేయలేదు, ప్రెస్‌లో అచ్చు వేయలేదు. చేత్తో రాశారు. ఢిల్లీకి చెందిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా ఇంగ్లిష్ ప్రతిని వాలు అక్షరాల్లో అందంగా రాశారు. హిందీ ప్రతిని వసంత్ కృష్ణ వైద్య రాశారు. పేజీలకు బొమ్మలు, అంచుల అలంకరణ శాంతినికేతన్‌కు చెందిన నందలాల్ బోస్, ఆయన శిష్యుల పని. ప్రేమ్ బిహారీ ఈ పనికి దాదాపు ఆరు నెలలు తీసుకున్నారని, వందల కొద్దీ పాళీలు అరిగిపోయాయని చెబుతారు.

మరి ఫీజు ఎంత? ఒక్క పైసా కూడా అడగలేదట. ఆయన అడిగింది ఒక్కటే. ప్రతి పేజీలో తన పేరు, చివరి పేజీలో తనకు ఈ విద్య నేర్పిన తాతగారి పేరు ఉండాలన్నారు. నెహ్రూ దానికి ఒప్పుకున్నారు. అందుకే రాజ్యాంగం అసలు ప్రతి పేజీల్లో ఈ రోజుకీ 'ప్రేమ్' అన్న పేరు కనిపిస్తుంది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు దానిపై సంతకాలు చేశారు. ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియాలో వెయ్యి ప్రతులు ముద్రించారు. అసలు ప్రతులు పార్లమెంట్ లైబ్రరీలో, గాలి చొరబడకుండా మూసిన ప్రత్యేక పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి.

ఆయన డబ్బు వద్దనుకుని పేరు కావాలన్నారు. ఈ విషయాన్ని కాస్త గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

2. ఒకే కవి.. రెండు దేశాల జాతీయ గీతాలు

సంతకాలు జరిగిన అదే రోజున, 1950 జనవరి 24న, 'జనగణమన'ను జాతీయ గీతంగా ప్రకటించారు. రాసింది రవీంద్రనాథ్ ఠాగూర్. మొదటిసారి పాడింది 1911 డిసెంబర్ 27న, కలకత్తా కాంగ్రెస్ సమావేశంలో. ఆయనే 1905లో రాసిన 'ఆమార్ షోనార్ బంగ్లా' తర్వాత బంగ్లాదేశ్ జాతీయ గీతమైంది. సాహిత్యంలో నోబెల్ అందుకున్న తొలి ఆసియా రచయిత కూడా ఠాగూరే. అది 1913లో వచ్చింది.

దీనికి మన తెలుగు నేలతో గట్టి సంబంధమే ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లెలోని థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అక్కడే ఈ గీతాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించారు. కాలేజీ ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ బాణీని స్వరాల రూపంలో కాగితంపై పెట్టారు.

ఇక ఫ్యాక్ట్ చెక్. జనగణమనను ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించిందనే మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. అది ఫేక్. యునెస్కో అలాంటి ప్రకటన ఏదీ చేయలేదు. శ్రీలంక గీతం కూడా ఠాగూరే రాశారనే ప్రచారం ఇంకొకటి ఉంది. అధికారికంగా దాని రచయిత ఆనంద సమరకూన్. ఆయన శాంతినికేతన్‌లో చదువుకున్నారు, ప్రచారం అక్కడి నుంచే పుట్టింది. నిజమైన రికార్డే ఇంత పెద్దగా ఉన్నప్పుడు దానికి అబద్ధం అతికించాల్సిన అవసరమే లేదు కదా!

3. 25 వేలా? 28 వేలా? పాటల లెక్కలో పెద్ద గొడవ

రికార్డు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. 1974లో గిన్నిస్ బుక్ లతా మంగేష్కర్ పేరును చేర్చింది. 1948 నుంచి 1974 వరకు 25 వేలకు తక్కువ కాకుండా పాటలు రికార్డ్ చేశారని అందులో ఉంది. దీన్ని మహమ్మద్ రఫీ సవాలు చేశారు. తాను 28 వేల వరకు పాడానన్నది ఆయన వాదన. 1980లో రఫీ చనిపోయాక గిన్నిస్ లత పేరుతో పాటు రఫీ వాదనను కూడా ప్రస్తావించింది. చివరికి 1991లో ఈ రికార్డునే తీసేసింది. కారణం సింపుల్. రెండు సంఖ్యలకూ పాటల జాబితా లేదు. తర్వాత పరిశోధకులు సినిమా సినిమాకూ కూర్చుని లెక్కపెడితే ఇద్దరికీ ఆ సంఖ్యల కంటే చాలా తక్కువే తేలింది. దాంతో వాళ్ల గొప్పతనం తగ్గిందా అంటే, అస్సలు లేదు. తప్పు లెక్కదే.

2011లో ఈ రికార్డు ఆశా భోంస్లేకి వెళ్లింది. ఆమెకు 11 వేల వరకు పాటలను లెక్కలోకి తీసుకున్నారు. 2016లో విజయనగరానికి చెందిన పి.సుశీల పేరు వచ్చింది. సంఖ్య 17,695. ఇక్కడ 'వేలకు పైగా' అన్న గుండ్రటి అంకె లేదు, ఒక్కో పాటా లెక్కపెట్టిన సంఖ్య ఇది. ఇంకో విషయం.. ఈ లెక్క 1960ల నుంచి మాత్రమే. సుశీల 1950ల మొదట్లోనే పాడటం మొదలుపెట్టారు. అంటే ఆ తొలి ఏళ్ల పాటలు రికార్డులో చేరకుండానే ఆమె అందరికంటే ముందున్నారన్నమాట.

తెలుగు సినిమాకు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 44 సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా విజయనిర్మల 2002లో గిన్నిస్‌కెక్కారు. 156 సినిమాల్లో 537 పాటలు, 24 వేల స్టెప్పులతో చిరంజీవి 2024 సెప్టెంబర్‌లో ఎక్కారు. ఈ రెండింటినీ సినిమా పేర్లతో సహా సరిచూసుకోవచ్చు. ఇవి నిలబడింది కూడా అందుకే.

4. 28 అక్షరాల స్టేషన్.. తెలుగులో మాత్రం 13!

జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్న ప్రశ్న.. దేశంలో అతి పొడవైన పేరున్న రైల్వే స్టేషన్ ఏది? జవాబు వెంకటనరసింహరాజువారిపేట. రేణిగుంట–అరక్కోణం లైన్‌లో, తమిళనాడు సరిహద్దు దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాస్తే 28 అక్షరాలు. అదే తెలుగులో రాసి లెక్కపెట్టండి. సరిగ్గా 13. రికార్డు మన ఊరిదే అయినా లెక్క మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ది!

2019లో ఈ రికార్డు కూడా పోయింది. చెన్నై సెంట్రల్ స్టేషన్‌కు 'పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ సెంట్రల్' అని కొత్త పేరు పెట్టడంతో అది పొడవులో ముందుకు వెళ్లిపోయింది. అతి చిన్న పేరు కూడా ఇంగ్లిష్ లెక్కే. ఒడిశాలోని ఈబ్‌కు రెండంటే రెండే అక్షరాలు. గుజరాత్‌లోని ఓడ్‌కు కూడా అంతే. పోటీ పరీక్షలకు ప్రిపేర్ అయ్యేవాళ్లు పాత పుస్తకంలో జవాబు చూసి టిక్ పెట్టే ముందు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

5. 29 రోజుల్లో 'వేయిపడగలు'.. ఆరేళ్ల పాటు రోజూ ఓ అధ్యాయం

ఇక పుస్తకాల విషయానికొస్తే, వేగం అనగానే తెలుగులో మొదట వినిపించే పేరు విశ్వనాథ సత్యనారాయణ. 1934లో 'వేయిపడగలు' నవలను ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారని, 999 పేజీలు 29 రోజుల్లో పూర్తయ్యాయని చెబుతారు. అంటే రోజుకు 34 పేజీలు. ఆంధ్ర విశ్వకళా పరిషత్ పోటీలో ఈ నవలకు, అడివి బాపిరాజు 'నారాయణరావు'కు కలిపి బహుమతి పంచారు. 'వేయిపడగలు'ను హిందీలోకి 'సహస్రఫణ్'గా అనువదించింది ఎవరో తెలుసా? తర్వాత ప్రధాని అయిన పి.వి.నరసింహారావు.

తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చింది కూడా విశ్వనాథే, 1970లో 'రామాయణ కల్పవృక్షం'కు వచ్చింది. 1988లో సి.నారాయణరెడ్డికి, 2012కి గాను రావూరి భరద్వాజకు ఈ అవార్డు దక్కింది. భరద్వాజ హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. పొలం పనులు, ప్రెస్ పనులు చేసుకుంటూ రచయితగా ఎదిగి, దేశంలోనే అత్యున్నత సాహిత్య పురస్కారం అందుకున్నారు.

పొడవు విషయంలో పక్కనే ఉన్న తమిళం వైపు చూడాలి. రచయిత జయమోహన్ 2014 జనవరి నుంచి 2020 జులై వరకు మహాభారతాన్ని 'వెణ్మురసు' పేరుతో నవలలుగా రాశారు. రోజుకో అధ్యాయం చొప్పున ఇంటర్నెట్‌లో పెట్టారు. మొత్తం 26 నవలలు, వేల కొద్దీ పేజీలు. పూర్తిగా ఆన్‌లైన్‌లో, తేదీలతో సహా ఉండటంతో దీనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కర్ణాటకదీ ఓ కొత్త రికార్డు ఉంది. 2025 మేలో బాను ముష్తాక్ రాసిన 'హార్ట్ ల్యాంప్'కు ఇంటర్నేషనల్ బుకర్ ప్రైజ్ వచ్చింది. ఈ బహుమతి గెలిచిన తొలి కథల సంపుటి ఇదే, తొలి కన్నడ పుస్తకమూ ఇదే. 50 వేల పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు దీపా భాస్తి సగం సగం పంచుకున్నారు. ఈ అవార్డులో అనువాదకుల పేరు కూడా రచయిత పక్కనే ఉంటుంది.

6. వెయ్యి నవలల కొవ్వలి.. మరి పుస్తకాలు ఏవీ?

కొవ్వలి లక్ష్మీనరసింహారావు. పాత తరం వాళ్లను అడిగితే వెంటనే గుర్తుపడతారు. తక్కువ ధరకు, రైల్వే స్టేషన్లలో సైతం అమ్ముడుపోయిన చిన్న చిన్న నవలలు ఆయనవి. వెయ్యికి పైగా నవలలు రాశారని ప్రసిద్ధి. కొత్తగా చదవడం నేర్చుకున్న ఎంతోమందికి, ముఖ్యంగా ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లకు, పుస్తకం అలవాటు చేసింది ఇలాంటి నవలలే. కానీ వాటిలో చాలా భాగం ఇప్పుడు మార్కెట్‌లో దొరకవు. చదివి పక్కన పడేసే పుస్తకాలని అప్పట్లో ఎవరూ పెద్దగా దాచుకోలేదు. రికార్డు పెద్దదే, కానీ వరసగా పేర్చి చూపించడానికి పుస్తకాలు చేతిలో లేకపోతే ఆ సంఖ్య వినికిడి దగ్గరే ఆగిపోతుంది.

ఇలా జరగకూడదనే 1954లో కేంద్రం ఓ చట్టం తెచ్చింది. దేశంలో ఏ పుస్తకం అచ్చయినా పబ్లిషర్ సొంత ఖర్చుతో నాలుగు లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీ, చెన్నైలోని కన్నెమెరా లైబ్రరీ, ముంబైలోని ఏషియాటిక్ సొసైటీ సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ.. ఇవే ఆ నాలుగు. గడువు 30 రోజులు. పంపకపోతే జరిమానా ఎంతో తెలుసా? చట్టంలో ఉన్నది 50 రూపాయల వరకు, దానికి తోడు పుస్తకం ఖరీదు. అంతే!

7. రోజూ కోట్ల మంది చదివే మాటలు.. రాసినవాడి పేరు మాత్రం లేదు

'భారతదేశం నా మాతృభూమి' అంటూ మొదలయ్యే ప్రతిజ్ఞ అందరికీ తెలుసు. స్కూల్లో చెయ్యి ముందుకు చాపి ప్రతి ఉదయం చెప్పినవాళ్లమే. దేశంలోని ఎన్నో భాషల్లో పిల్లలు రోజూ చెబుతున్న ఈ మాటలు మొదట పుట్టింది తెలుగులోనే. రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో 1916లో పుట్టారు. 'కాలభైరవుడు' అనే నవల కూడా రాశారు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్నప్పుడు ఆయన ప్రతిజ్ఞ రాశారు.

దాన్ని నాయకుడు తెన్నేటి విశ్వనాథానికి చూపించారు. ఆయన ద్వారా అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి.రాజు దగ్గరకు వెళ్లింది. 1963లో విశాఖ స్కూళ్లలో మొదలైంది. 1964లో కేంద్ర విద్యా మంత్రి ఎం.సి.చాగ్లా అధ్యక్షతన బెంగళూరులో జరిగిన సమావేశంలో దేశమంతటా స్కూళ్లలో చెప్పించాలని నిర్ణయించారు. 1965 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. పాఠ్యపుస్తకాల్లో జాతీయ గీతం కింద ఠాగూర్ పేరు ఉంటుంది. వందేమాతరం కింద బంకించంద్ర పేరు ఉంటుంది. ప్రతిజ్ఞ కింద మాత్రం దశాబ్దాల తరబడి ఖాళీయే. రాసినాయన ఉద్యోగం చేసుకుని, రిటైరై, 1988లో కన్నుమూశారు. తన మాటలు దేశం మొత్తం చెబుతోందన్న సంగతి ఆయనకు చాలాకాలం తెలియనే తెలియదని, మనవరాలు స్కూలు పుస్తకంలో ప్రతిజ్ఞ చదువుతుంటే విని గుర్తుపట్టారని కుటుంబ సభ్యులు చెప్పారు. ఆ తర్వాతి కాలంలో తెలుగు రాష్ట్రాల్లో ఆయన పేరు ప్రచారంలోకి వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోనూ కనిపించడం మొదలైంది. కానీ మిగతా రాష్ట్రాల్లో ఈ ప్రతిజ్ఞ చెప్పే పిల్లల్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

ప్రేమ్ బిహారీ రాజ్యాంగం రాసి, ఫీజు బదులు పేరు అడిగారు. అది ఇప్పటికీ ఉంది. పైడిమర్రి ఏమీ అడగలేదు. అడగని పేరును ఎవరూ వేయలేదు.

రికార్డు కోసం ప్రయత్నిస్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* కొలవగలిగేలా ఉండాలి, ఇంకొకరు బద్దలు కొట్టగలిగేలా ఉండాలి, రుజువు చేయగలిగేలా ఉండాలి. గిన్నిస్ చూసే ముఖ్యమైన రూల్స్ ఇవే. 'అందరికంటే మంచి కవి' అనేది రికార్డు కాదు. 'అందరికంటే ఎక్కువ పుస్తకాలు' అనేది అవుతుంది.

* వీడియో, ఫొటోలు, తేదీలు, స్వతంత్ర సాక్షుల సంతకాలు ముందే సిద్ధం చేసుకోండి. తర్వాత వెతుక్కుంటే దొరకవు.

* రికార్డు సాధించినవాళ్లకు గిన్నిస్ డబ్బులేమీ ఇవ్వదు. డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే, అది ఏ సంస్థ, ఆ ఫీజు దేనికి అని అడిగి తెలుసుకున్నాకే కట్టండి.

* పిల్లల సర్టిఫికెట్ విషయంలో సంస్థ పేరు పూర్తిగా చదవండి. 'నేషనల్', 'ఇండియా', 'వరల్డ్' అన్న మాటలు ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వ గుర్తింపు కాదు. పిల్లవాడి టాలెంట్ నిజమే కావచ్చు, కానీ కాగితం విలువ వేరు.

* సొంతంగా పుస్తకం వేసుకుంటున్నారా? ఐఎస్‌బీఎన్ నంబర్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. పుస్తకం వచ్చాక పైన చెప్పిన నాలుగు లైబ్రరీలకు కాపీలు పంపడం మర్చిపోవద్దు.

* ఇంట్లో అటకమీద తాతల నాటి పాత నవలలు, పత్రికలు ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి మొదటి పేజీ తిప్పి చూడండి. రచయిత పేరు, అచ్చయిన ఏడాది ఉంటే ఫొటో తీసి, దగ్గర్లోని లైబ్రరీకి చూపించండి. ఇంకెక్కడా దొరకని కాపీ మీ దగ్గరే ఉండొచ్చు.